సీసా లేనివారికి చీటీ లేదు

మా అత్తగారు తెనాలి నుంచి మాతోపాటు హైదరాబాదు వచ్చినప్పుడు ఆమె మోకాళ్ళు బాగానే ఉన్నాయి. నాంపల్లి స్టేషన్ వెనక రెండు గదుల వాటాలో మేం కాపురం పెట్టిన మరుసటి ఏడు వాటికి నొప్పి మొదలైంది. మొదలైన రోజు నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే ఆ రోజు ఆమె చాలా సంతోషంగా ఉంది.

అప్పటిదాకా ఆమెకు ఆ ఊళ్ళో మాట్లాడే మనిషి లేదు. ఇంటివాళ్ళది ఉర్దూ, పక్కవాటావాళ్ళది మరాఠీ. పాలవాడు తెలుగువాడే గాని, అతను మాట్లాడేది తెలుగని మా అత్తగారు ఒప్పుకునేది కాదు. "గేదె పాలేనా నాయనా?" అని ఈమె అడిగేది. "ఔ" అనేవాడతను. ఆవు పాలంటున్నాడనుకుని ఈమె గిన్నె వెనక్కి తీసుకునేది. ఇలా ఒక వారం పాటు మేం కాఫీ లేకుండా ఆఫీసులకు వెళ్ళాం. మావారు బ్యాంకులో గుమాస్తా, నాదీ ఉద్యోగమే. పొద్దున వెళ్తే సాయంత్రం రావడం. పొద్దుటినుంచీ దాచుకున్న మాటలన్నీ ఆమె ఒక్కసారి మా ముందు పెట్టేది. మేం అన్నం తింటూ ఊఁ కొట్టేవాళ్ళం.

అలాంటి సమయంలో ఆమె స్టేషన్ అవతల సర్కారు దవాఖానా ఒకటి కనిపెట్టింది. చిన్నదే. ఒక డాక్టరు, ఒక కంపౌండరు, రేకుల వసారా, వసారాలో పొడుగాటి బల్ల. ఆ బల్ల మీద బాపట్ల నుంచీ, బందరు నుంచీ, ఏలూరు నుంచీ కొత్తగా వచ్చిపడ్డ ఆడవాళ్ళు కూర్చుని ఉండటం ఆమె చూసింది. వాళ్ళు మాట్లాడుకుంటున్నది గేటు దాకా వినిపించింది, పైగా అర్థమైంది. ఆ సాయంత్రం మేం ఇంటికి వచ్చేసరికి, తనకు మోకాళ్ళ నొప్పులున్నాయని, రోజూ మందుకు వెళ్ళాలని ఆమె ప్రకటించింది.

వాళ్ళకు ఒకరి పేర్లు ఒకరికి తెలియవు. కంపౌండరు రోగాన్ని బట్టి పిలిచేవాడు గనక వాళ్ళూ అలాగే పిలుచుకునేవారు. మా అత్తగారు మోకాళ్ళావిడ. బందరావిడ నడుంనొప్పావిడ. ఇంకొకామె దగ్గావిడ. మాకు రోజూ రాత్రి భోజనాల దగ్గర వీళ్ళ సంగతులు వచ్చేవి. దగ్గావిడ కొడుక్కి కచేరీలో ఉద్యోగం ఖాయం కాలేదనీ, మంచి చింతపండు సుల్తాన్ బజార్లో ఎక్కడ దొరుకుతుందో నడుంనొప్పావిడ చెప్పిందనీ. రెండు మూడేళ్ళు ఆమెకు ఆ బల్లే ఊరు. అంతటి నొప్పితోనూ ఒక్కరోజు మానలేదు.

నేను వాల్తేరులో స్టాటిస్టిక్స్ చదివాను. అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు నుంచి నాంపల్లికి వెళ్ళే దారిలో, ఆరోగ్య వ్యవహారాలు చూసే ఒక ఆఫీసులో, మేడ మీద గదిలో నా ఉద్యోగం. పేరు చెప్పను. ఆ గదిలో ముగ్గురం: మా సూపరింటెండెంటుగారు, నేను, చేత్తో తిప్పే లెక్కల మిషను. సూపరింటెండెంటుగారిది మెదక్. క్రైస్తవులు, మిషన్ స్కూల్లో చదివినవారు, చాపెల్ రోడ్డులో ఉండేవారు. ఆయన తొందరపడటం నేను ఎన్నడూ చూడలేదు. మిషను హ్యాండిల్ తిప్పీ తిప్పీ నా కుడిచెయ్యి ఎడమచేతికంటే లావైంది. భాగహారం తప్పుదారి పడితే అది గంట కొట్టేది. గంట మోగినప్పుడల్లా ఆయన తలెత్తకుండా "మళ్ల చేయున్రమ్మా" అనేవారు.

ఆ రోజుల్లో మా పైఅధికారి డిప్యూటీ డైరెక్టరుగారు ఒక నియమం పెట్టారు. మందు అంటే అప్పుడు ఎక్కువగా మిక్చరు. ఎర్రదో, తెల్లదో, సీసాలో పోసి ఇచ్చేవారు. చాలామంది సీసా తెచ్చుకునేవారు కాదు. దవాఖానాలే సీసాలు సంపాదించి, కడిగి, పోసి ఇవ్వాల్సి వచ్చేది. సీసాలు చాలడం లేదని కంపౌండర్లు రాస్తూ ఉండేవారు. అందుకని డిప్యూటీగారు ఊరంతటికీ ఒక ఉత్తర్వు ఇచ్చారు: సీసా లేనివారికి చీటీ ఇవ్వరాదు. చీటీ లేకపోతే డాక్టరు చూడడు. ఆ ఉత్తర్వు ప్రతి దవాఖానా గేటు మీదికీ బోర్డుగా ఎక్కింది.

కొన్ని నెలలకు, దవాఖానాలకు వచ్చేవాళ్ళు తగ్గారు. ఇది విని డిప్యూటీగారు దిగులు పడతారేమో అనుకున్నాం. ఆయన మమ్మల్ని పిలిచి టీ తెప్పించారు.

"చూశారా? సీసా అనేసరికి పారిపోయారు. అంటే వాళ్ళు రోగులే కాదన్నమాట. ఎంతమంది దొంగరోగుల్ని ఈ ఉత్తర్వు తగ్గించిందో లెక్క తేల్చి ఇవ్వండి. శాస్త్రీయంగా ఉండాలి. పైకి పంపాలి."

శాస్త్రీయంగా చెయ్యడమంటే ఉత్తర్వుకు ముందు నెలలోంచి తర్వాత నెలను తీసెయ్యడం కాదు. వానాకాలంలో జ్వరాలు ఎక్కువ, చలికాలంలో దగ్గులు, పెళ్ళిళ్ళ రోజుల్లో ఎవరికీ ఏ రోగమూ ఉండదు. అదీకాక రాష్ట్రం ఏర్పడ్డ దగ్గర్నుంచీ ఊళ్ళోకి జనం వచ్చిపడుతూనే ఉన్నారు, కాబట్టి దవాఖానాలకు వచ్చేవాళ్ళూ ఏటేటా పెరుగుతున్నారు. ఉత్తర్వు రాకముందు కొన్నేళ్ళ నెలవారీ అంకెలన్నీ తీసుకుని, ఆ పెరుగుదలకు ఒక గీత గీసి, నెల నెలకూ ఉండే ఎగుడుదిగుళ్ళు దానిమీద వేసి, ఆ గీతను ముందుకు పొడిగించాలి. ఉత్తర్వే లేకపోతే ఎంతమంది వచ్చి ఉండేవారో అది చెబుతుంది. నిజంగా వచ్చినవాళ్ళు దానికి ఎంత కింద ఉన్నారో అదే ఉత్తర్వు చేసిన పని. దీన్ని రిగ్రెషన్ అంటారు. కాగితం మీద ఉత్తర్వుకు ఒక వరస కేటాయిస్తాం. ఉత్తర్వు రాకముందు నెలలన్నిటికీ సున్నా, వచ్చాక నెలలన్నిటికీ ఒకటి. డిప్యూటీగారు ఆ కాగితం చూసి, "నా ఉత్తర్వెక్కడ?" అని అడిగారు. నేను ఒకట్ల వరస చూపించాను. ఆయన కొంచెం నొచ్చుకున్నారు.

లెక్క చాలా రోజులు పట్టింది. సూపరింటెండెంటుగారు నాది చూడకుండా తనూ మొదటినుంచీ విడిగా చేశారు. ఇద్దరికీ ఒకే జవాబు వచ్చింది. ఊరంతటా తగ్గుదల ఉంది, అది సీజన్ వల్ల వచ్చేదానికంటే ఎక్కువే. కానీ నాంపల్లి దవాఖానాలో మిగతా చోట్లకంటే చాలా ఎక్కువ. వయసును బట్టి విడదీసి చూస్తే, అక్కడ తగ్గినవాళ్ళలో అత్యధికులు ముసలితనం వైపు నడుస్తున్న ఆడవాళ్ళు.

"ఏందమ్మా గిది? ఊరిల ఉన్న ముసలమ్మలందరికీ ఒక్కపారే రోగాలు తగ్గినయా?" అన్నారు సూపరింటెండెంటుగారు. కాసేపు ఆలోచించి కోటు తొడుక్కున్నారు. "నడువున్రి, పోయి చూసొద్దాం."

గేటు దగ్గర కావలివాడు మమ్మల్ని కూడా ఆపాడు.

"సీసా ఏదమ్మా? సీసా లేకుంటే లోపల్కి పోనియ్య."

మేం ఆఫీసువాళ్ళమని చెప్తే, ఆఫీసువాళ్ళకైనా సీసా ఉండాలన్నాడు. ఉత్తర్వు అమలు ఎంత గట్టిగా జరుగుతున్నదో చూడాలని వచ్చిన మాకు ఆ విషయం అక్కడే తెలిసిపోయింది. కంపౌండరు వచ్చి విడిపించాడు. లోపల అంతా చకచకా జరుగుతోంది. వచ్చినవాడు సీసా అందిస్తాడు, చీటీ తీసుకుంటాడు, డాక్టరుకు నాలుక చూపిస్తాడు, మందు పోయించుకుని పోతాడు. వసారాలో బల్ల ఖాళీగా ఉంది. దాని మీద కంపౌండరు దుప్పటి ఆరేసుకున్నాడు.

"గీడ కూసునే అమ్మలు ఏమయిన్రు?" అని సూపరింటెండెంటుగారు అడిగారు.

"ఏమో సార్. సీసా తెమ్మన్నప్పటిసంది వస్తలేరు."

ఆ బల్లను చూస్తే నాకు మా అత్తగారు గుర్తొచ్చింది. ఆమె దవాఖానా మానేసి చాలా నెలలైంది. ఇంట్లో అందరం అది గమనించాం. మోకాళ్ళు నయమయ్యాయనుకున్నాం. భోజనాల దగ్గర కబుర్లు తగ్గినందుకు మావారు కొద్దిగా సంతోషించారు కూడా. ఆ రాత్రి ఆమె పప్పు తాలింపు వేస్తుంటే అడిగాను.

"అత్తయ్యా, మీరు ఆస్పత్రి ఎందుకు మానేశారు?"

"సీసా పట్టుకు రమ్మంటున్నారు."

"మనింట్లో ఉన్నాయిగా సీసాలు?"

"ఉన్నాయి. ఒకసారి పట్టుకెళ్ళాను కూడా. వెళ్ళగానే ఏం చేశాడనుకున్నావు? చీటీ రాసిచ్చాడు. సీసా లాక్కున్నాడు, మందు పోశాడు, చేతిలో పెట్టి ఇక వెళ్ళిరా అన్నాడు. కాళ్ళు చాపుకుని కూర్చున్నది లేదు, నలుగురితో మాట్లాడింది లేదు. ఎండలో అంత దూరం నడిచివెళ్తే మనిషిని పంపేది అలాగేనటే?"

"మందు ఇచ్చాడు కదా?"

"మందెవరడిగారు?"

తాలింపు చిటపటలాడుతుంటే ఆమె గరిట తిప్పుతూ చెప్పుకుపోయింది. ఇదివరకైతే సీసా లేదంటే, ఆగండమ్మా, లోపల కడుగుతున్నారనేవాడు. కడిగి, ఆరబెట్టి, మందు పోసేసరికి పొద్దెక్కేది. ఆలోగా వాళ్ళ కబుర్లు అయ్యేవి. అందుకే వాళ్ళెవరూ సీసా తీసుకెళ్ళేవారు కాదు.

"మరి ఇన్నేళ్ళూ ఇచ్చిన మందంతా ఏం చేశారు?"

"కరివేపాకు మొక్కకి పోశాను. నువ్వే అన్నావుగా, బాగా వచ్చిందని."

పొయ్యి మీంచి గిన్నె దించి, కూర్చుని, ఆమె గొంతు తగ్గించింది.

"మా అందరి మాటా ఎలా ఉన్నా, దగ్గావిడది మాత్రం నిజం దగ్గేనే అమ్మాయ్. ఆవిడకి మందు కావాలి. వాళ్ళింట్లో సీసాలు కిరసనాయిలుకే చాలవు. సీసా లేదని ఆ గేటువాడు నా కళ్ళముందే వెనక్కి పంపించాడు. మళ్ళీ కనపడలేదు."

"ఇల్లెక్కడో తెలీదా?"

"పేరే తెలీదు. రేపు ఎలాగూ కనపడే మనిషిని ఊరూ పేరూ ఎవరడుగుతారు?"

రోజులతరబడి మిషను తిప్పి నేను సాధించిన అంకెలో మా అత్తగారూ ఉన్నారు, దగ్గావిడా ఉంది. కరివేపాకు మొక్కకు మందు పోసినావిడా, మందు కోసం వచ్చి గేటు దగ్గరే ఆగిపోయినావిడా, ఇద్దరూ మా లెక్కలో ఒక్కొక్కరే. లెక్కలో తప్పేమీ లేదు. తగ్గింది ఎంతమందో అది చెప్పింది. ఎవరో దాన్ని మేం అడగలేదు, అడిగినా దానికి తెలియదు.

మర్నాడు సూపరింటెండెంటుగారితో కలిసి వెళ్ళి ఇదంతా డిప్యూటీగారికి చెప్పాను. ఆయన కలం తీశారు.

"ఇది ఎవరు చెప్పారు?"

"మా అత్తగారు సార్."

"శాంపిల్ సైజు?"

"ఒకరు సార్."

ఆయన రాసుకుని, కలం మూత పెట్టారు. "చూడమ్మా, ఒక అత్తగారి మాట మీద ప్రభుత్వ ఉత్తర్వు మార్చలేం. నిజానికి ఆవిడ మందు వాడటం లేదంటున్నావు. అంటే దొంగరోగి అనే నా సూత్రానికి ఆవిడ మంచి ఉదాహరణ."

అప్పుడు సూపరింటెండెంటుగారు గొంతు సవరించుకున్నారు.

"సార్, నాదొక మాట. నంబర్లు పడిపోయినయి, మీ రూల్ వల్లనే అని మేము రాస్తం. కానీ పైన కూసున్నోళ్ళు ఒప్పుకోరు. వానలు తక్కువ పడ్డయి, గందుకే జ్వరాలు తగ్గినయి అంటరు. ఒక్క నాంపల్లిల ఆ రూల్ జర కొన్ని నెలలు ఆపి చూడున్రి. దొంగరోగులు మళ్ల వచ్చిన్రనుకోండి, మీ రూల్ గట్టిదని రుజువైతది."

"రాకపోతే?"

"రాకుంటే మీ రూల్‌తోని వాళ్ళకు బుద్ధి వచ్చినట్టే కద సార్."

ఎటు చూసినా గెలుపు తనదేనని తెలిశాక డిప్యూటీగారికి ఆ ప్రయోగం మీద గౌరవం కలిగింది. వారం తిరగకుండా నాంపల్లి గేటు మీద కొత్త బోర్డు వచ్చింది: సీసా లేనివారికి కూడా చీటీ ఇవ్వబడును. మెట్లు దిగుతూ సూపరింటెండెంటుగారు నాతో, "మీ అత్తగారికి చెప్పున్రమ్మా" అన్నారు. అంతకుమించి ఆ విషయం మేం మాట్లాడుకోలేదు.

చెప్పాను. మర్నాడే ఆమె తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని వెళ్ళింది. బల్ల మీద ఆమె ఒక్కతే. ఆ మర్నాడూ అంతే. బోర్డు గేటు మీద ఉంది. గేటు దగ్గరికి వచ్చినవాళ్ళకే కనపడుతుంది. రావడం మానేసినవాళ్ళ కోసం పెట్టిన బోర్డు అది. మా కాగితం మీద ఇప్పుడు రెండో ఉత్తర్వుకు మరో వరస సున్నాలూ ఒకట్లూ వచ్చాయి. మిషను తిప్పితే దాని ప్రభావం దాదాపు ఏమీ లేదు. పెరిగింది మా అత్తగారొక్కరే, ఆ ఒక్కరూ లెక్కలో కనపడేంత కాదు.

వానల్లో కూడా ఆమె వెళ్ళింది. కంపౌండరు తన దుప్పటి తీసి లోపల ఆరేసుకోవడం మొదలెట్టాడు. ఒకరోజు కావలివాడు ఆమెతో, "గిట్ల ఒక్కదానివే కూసుంటే మాకే మంచిగ అనిపిస్తలేదమ్మా" అన్నాడట. "నాకూ అంతే నాయనా" అందట ఈమె.

ఎన్నాళ్ళకో ఒక పొద్దున రోడ్డు మీద పోతున్న రిక్షా ఆగింది. అందులోంచి ఒకావిడ తల బయటపెట్టి, "మోకాళ్ళూ! నువ్వేనా?" అని కేక పెట్టింది. నడుంనొప్పావిడ. లక్డీకాపూల్ వైపు ఎవరింటికో పోతూ, బల్ల మీద మనిషిని చూసి ఆపించింది. దిగి వచ్చి కూర్చుంది. వెళ్ళాల్సిన చోటికి ఆ రోజు వెళ్ళలేదు. దగ్గావిడ కొడుకు వాటా మారి చాదర్‌ఘాట్ వంతెన దగ్గరికి వెళ్ళాడని తను విన్నట్టు చెప్పింది. ఎక్కడో మాత్రం తెలియదు.

ఆ ఆదివారం మా అత్తగారూ, నడుంనొప్పావిడా నన్ను వెంటబెట్టుకుని చాదర్‌ఘాట్ బయల్దేరారు. ఉర్దూలో అడగాల్సి వస్తే పనికొస్తానని నన్ను తీసుకెళ్ళారు. నాకూ రాదు. పేరు తెలియని మనిషి కోసం సందు సందునా, "దగ్గే ఆవిడ ఇల్లెక్కడ?" అని అడుగుతూ నడిచాం. మూసీ ఒడ్డున దగ్గేవాళ్ళకేం తక్కువ? అందరూ సాయం చేశారు. మొదట ఒక చుట్టల ముసలాయన దగ్గరికి తీసుకెళ్ళారు. తర్వాత ఒక పిండిమరాయన దగ్గరికి. మూడో సందులో ఒక గోడ అవతలనుంచి దగ్గు వినపడింది. మా అత్తగారు చటుక్కున ఆగి, "ఆవిడదే" అంది.

లోపల చీకటి గదిలో మంచం మీద ఒక సన్నటి మనిషి లేచి కూర్చుంది. మా అత్తగారి మాటల్ని బట్టి నేనూహించుకున్న మనిషిలో సగం కూడా లేదు. కళ్ళు మాత్రం పెద్దవిగా ఉన్నాయి.

"ఏం మోకాళ్ళూ," అంది, "ఇన్నాళ్ళకు తీరిందా?"

మా అత్తగారు వెళ్ళి మంచం మీద ఆవిడ పక్కన కూర్చుంది. తర్వాత, "రేపు పొద్దున రిక్షాతో వస్తాను, చీర మార్చుకుని సిద్ధంగా ఉండు. సీసా అక్కర్లేదు" అంది.

దవాఖానాలో డాక్టరు ఆవిడ గుండెల మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. ఊరి చివర ఛాతీ ఆస్పత్రికి రాసిచ్చాడు. క్షయ. ఇంకా ముందే వచ్చి ఉండాల్సింది, అయినా మించిపోలేదన్నారు అక్కడ. పడకలో చేర్చుకున్నారు.

మా నివేదిక ఆ నెలలోనే పైకి వెళ్ళింది. ఉత్తర్వు వచ్చినప్పుడు స్పష్టమైన తగ్గుదల ఉందనీ, ఎత్తేసినప్పుడు చెప్పుకోదగ్గ పెరుగుదల లేదనీ రాశాం. తగ్గినవారిలో నిజంగా మందు అవసరమైనవారూ ఉన్నారు, అంకెలను బట్టి వారిని వేరుచేయడం సాధ్యం కాదు అని నేనొక వాక్యం కలిపాను. డిప్యూటీగారు దాన్ని కొట్టెయ్యలేదు. వాక్యం బాగుందన్నారు. ప్రజల్లో క్రమశిక్షణ శాశ్వతంగా ఏర్పడింది కనుక ఇక ఆ ఉత్తర్వు అవసరం లేదని తన ముగింపు రాసుకుని, ఊరంతటా ఎత్తేశారు. ఆ నివేదిక ఆయనకు పేరు తెచ్చింది. మాకూ మిషనుకు కొత్త గుడ్డ కవరు వచ్చింది.

ఆస్పత్రిలో దగ్గావిడను గుడ్డు తినమన్నారు. ఆవిడ పుట్టి ఎప్పుడూ గుడ్డు ముట్టుకున్న మనిషి కాదు. మా ఇంట్లోకీ గుడ్డు వచ్చేది కాదు. ఒకసారి మావారు బయట ఆమ్లెట్ తిన్నారని తెలిసి మా అత్తగారు ఆయన చొక్కా వేరే బకెట్లో తడిపింది. డాక్టరు చెప్పినా, నర్సు చెప్పినా దగ్గావిడ వినలేదు. ఈ గొడవ నేను ఆఫీసులో చెప్తే, సూపరింటెండెంటుగారు, "మా ఇంట్ల ఉడకబెట్టిస్త. తినిపించుడు మాత్రం మీ అత్తగారి పని" అన్నారు.

ప్రతి ఆదివారం చర్చి అయ్యాక ఆయన భార్య ఉడికిన గుడ్డుతో పాటు చింతపిక్కంత మిరియాల పొడి కూడా పొట్లం కట్టి ఒక డబ్బా పంపేది. మా అత్తగారు ఆ డబ్బాను రెండు తుండుగుడ్డల్లో చుట్టి, చేతికి దూరంగా పట్టుకుని, అప్పటిదాకా ఎన్నడూ ఒంటరిగా ఎక్కని సిటీ బస్సెక్కి ఊరి చివరికి వెళ్ళేది. మొదటిరోజు మాత్రం నేను తోడు వెళ్ళాను, ఏం జరిగిందో పక్కనుండి చూశాను.

"ఇది గుడ్డు కాదు," అంది మా అత్తగారు. "మందు."

"గుండ్రంగా ఉందేం?"

"ఇప్పుడిలాగే చేస్తున్నారు. నోరు తెరు."

దగ్గావిడ కళ్ళు మూసుకుని నోరు తెరిచింది. నమిలింది. తర్వాత మిరియాలు ఇంకాస్త ఉన్నాయా అని అడిగింది.

ఆవిడ కోలుకుని ఇంటికి రావడానికి ఏడాది దాటింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. ముగ్గురూ వంతులవారీగా ఒకరి ఇంట్లో ఒకరు కూర్చునేవారు. దవాఖానా బల్ల మీదికి మళ్ళీ ఎవరూ వెళ్ళలేదు. గుడ్డు ఇక ఆపెయ్యవచ్చని డాక్టరు చెప్పిన సంగతి దగ్గావిడ ఇంట్లో ఎవరికీ చెప్పినట్టు లేదు.